ఆపిన రక్తం

సాయంత్రం ఐదింటికల్లా ల్యాబమ్మాయిని స్టేషనుకు తీసుకుపోతానని ఇన్‌స్పెక్టరు తేల్చి చెప్పాడు. అప్పటికే మధ్యాహ్నం రెండు దాటింది. ఈలోగా నిజం బయటికి లాగకపోతే ఆ పిల్ల బతుకు బండలైపోతుంది. కీడెంచమ్మ గడియారం చూసుకుని బ్లడ్ బ్యాంకు వైపు నడిచింది.

ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ప్రైవేటు డిటెక్టివుగా పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పోలీసాయన వెక్కిరింపుగా పెట్టిన పేరది. కీడెంచి మేలెంచమని అందరూ అంటారు గానీ, ఆవిడ కీడెంచడం దగ్గరే ఆగిపోతుందని ఆయన బాధ. ఏ కేసు చేతికొచ్చినా, జరగడానికి వీలున్న వాటిలో అన్నిటికన్నా చెడ్డదేమిటో ముందు ఊహించుకుంటుంది. అది కాదని తేలేదాకా తను నిద్రపోదు, పక్కవాళ్ళను పోనివ్వదు. కూతురు కాలేజీ నుంచి కాస్త ఆలస్యమైతే ఉన్న ఆస్పత్రులన్నిటికీ ఫోన్లు చేసేసి, తీరా ఆ పిల్ల వాకిట్లో చెప్పులు విడుస్తుంటే ఏడవాలో తిట్టాలో తెలియక రెండూ చేసే తల్లి.

అందుకే ల్యాబమ్మాయి తల్లి వచ్చి చేతులు పట్టుకున్నప్పుడు కాదనలేకపోయింది. "మా పిల్ల మతిమరుపుదని చెప్పినా నమ్ముతానమ్మా, అబద్ధాలకోరంటే మాత్రం నమ్మను" అంది ఆ తల్లి. ఆ మాటలో మొదటి సగమే కీడెంచమ్మను ఎక్కువ భయపెట్టింది.

కేసు ఇది. ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో ఆదివారం ఒక డ్రైవింగ్ మాస్టారు రక్తమిచ్చాడు. ఓ నెగెటివ్, మామూలుగా దొరికే గ్రూపు కాదు. పరీక్షలన్నీ చేశారు, ఏమీ తేలలేదు. సోమవారం ఆయనకు జ్వరం వచ్చింది, కళ్ళు పసుపుపచ్చగా మారాయి. కామెర్లని డాక్టరు చెప్పగానే, పాపం, మంచి మనిషి కాబట్టి బ్లడ్ బ్యాంకుకు ఫోన్ చేసి, తన రక్తం ఎవరికీ ఎక్కించొద్దని చెప్పాడు. ఆ ఫోన్ తీసింది ల్యాబమ్మాయి. కంప్యూటర్లో ఆ ప్యాకెట్‌ను ఆపేశానని ఆమె అంటుంది. కానీ మంగళవారం పొద్దున డ్యూటీలో ఉన్న మరో ఉద్యోగి అదే ప్యాకెట్‌ను పై అంతస్తులో ఉన్న ఒక బాలింతకు పంపేశాడు. కాన్పయ్యాక రక్తం పోతుంటే గాభరాగా అడిగారు. కంప్యూటరు ఆకుపచ్చ రంగులో "ఇవ్వవచ్చు" అని చూపించింది, ఇచ్చాడు. ఆ బాలింతకు జబ్బు అంటిందో లేదో కొన్ని వారాలు గడిస్తే గానీ తెలియదు. పుట్టిన పాపను తల్లి పాలకు దూరంగా ఉంచారు.

ఎవరు ఏం మార్చారో కంప్యూటరు రాసుకునే చరిత్ర తీసి చూస్తే, సోమవారం ల్యాబమ్మాయి పేరు మీద ఒక్క మార్పే ఉంది. ఆ ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో రెండో అర నుంచి ఆరో అరకు మార్చినట్టు. ఆపినట్టు ఎక్కడా లేదు.

రక్తమిచ్చినవాళ్ళు కాసేపు పడుకుని లేచే గదిలో ఒక వాలుకుర్చీ చివర కూర్చుని ఉంది ల్యాబమ్మాయి. వెనక్కి వాలలేదు. మెడలో గుర్తింపు కార్డు లేదు, పొద్దునే తీసేసుకున్నారట. కీడెంచమ్మ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఓదారుద్దామని నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది. ముందు పని.

ఫోన్ వచ్చాక ఏం చేశావని అడిగితే ఆ పిల్ల వరస తప్పకుండా చెప్పుకొచ్చింది. నంబరు కొట్టి ప్యాకెట్ పేజీ తెరిచింది. ఆపడానికి ఉన్న గడిలో టిక్కు పెట్టింది. అర నంబరు ఆరుకి మార్చింది. సేవ్ నొక్కింది. అయిందని మెసేజ్ వచ్చి పేజీ దానంతటదే మూసుకుంది. వెళ్ళి ఫ్రిజ్ తెరిచి ప్యాకెట్‌ను కింది అరలో పెట్టి వచ్చింది.

"సేవ్ అయ్యాక మళ్ళీ తెరిచి రంగు చూశావా? ఎరుపు అయిందా, ఆకుపచ్చగానే ఉందా?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "చూడలేదు ఆంటీ."

"చూశానని చెప్తే నీకు మేలు కదమ్మా."

"తెలుసు. కానీ చూడలేదు. కౌంటరు దగ్గర అప్పటికే ముగ్గురు నిలబడ్డారు. చూసుంటే ఆవిడకి ఇంత అయ్యేది కాదు కదా అని నిన్నటి నుంచి అదే తిరుగుతోంది బుర్రలో."

కీడెంచమ్మకు అప్పటిదాకా ఉన్న పెద్ద భయం కాస్త సడలింది. అబద్ధం చెప్పే అలవాటున్న మనిషి అయితే, తేలిగ్గా అతికే అబద్ధాన్ని చేతిలో పెట్టినా వదిలేసేది కాదు. ఇంక మిగిలింది మతిమరుపు. ఆ పిల్ల టిక్కు పెట్టాననుకుని పెట్టలేదేమో. ఆ ఊహ పీకుతూనే ఉంది.

ఫ్రిజ్‌లు ఉన్న గదికి వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరు అక్కడే ఉన్నాడు. కంప్యూటరు నేరాలు చూసే విభాగం ఆయనది. మనిషి నలగని చొక్కాతో, నలగని మాటతో ఉంటాడు. ఇద్దరికీ ఇది మూడో కేసు. మొదటి రెండిట్లో ఎవరిది పైచెయ్యి అయిందనే లెక్క ఇద్దరి దగ్గరా వేరువేరుగా ఉంది.

ఆవిడ ఆయన్ని పట్టించుకోకుండా ఫ్రిజ్ అద్దం తలుపు దగ్గర వంగి చూసింది. ఆరు అరలు. ఆరోది ఆపిన ప్యాకెట్లు పెట్టడానికట. అయితే పై అరలు నిండితే మంచివి కూడా అక్కడే పెడతారని నర్సులు అప్పటికే చెప్పారు. ఇప్పుడూ అందులో నాలుగు ఉన్నాయి. మంగళవారం డ్యూటీ మనిషికి ఆరో అరలో ఉన్నందుకు అనుమానం రాకపోవడం వింతేమీ కాదు.

"మర్చిపోయిన మనిషి కింది అరకు ఎందుకు మార్చింది బాబూ?" అని అడిగింది, వెనక్కి తిరగకుండానే.

ఇన్‌స్పెక్టరు దానికి సిద్ధంగానే ఉన్నాడు. కౌంటరు దగ్గర జనం ఉన్నారు, తొందరలో అర మార్చింది, టిక్కు మర్చిపోయింది, ఇప్పుడు పెట్టానంటోంది, అంతే కథ అన్నాడు. మర్చిపోతే నిర్లక్ష్యం, అబద్ధమాడితే నేరం, రెండూ చేస్తే తను చేయగలిగిందేమీ లేదన్నాడు. ఆ మాటల్లో దురుసుతనం లేదు. అదే ఆవిడను ఎక్కువ భయపెట్టింది. ఆయన నిజంగానే నమ్ముతున్నాడు.

"కంప్యూటరుకు చుట్టరికాలు ఉండవు మేడమ్. అది చెప్పిందే నేను వింటాను" అన్నాడు చివర.

"చెప్పింది మీరు వింటారు సరే. చెప్పనిది ఎవరు వినాలి?"

ఆయన నవ్వి, గడియారం చూసుకుని, బయట వరండాలోకి నడిచాడు.

కీడెంచమ్మ ఫ్రిజ్ పక్కనే నిలబడి డ్రైవింగ్ మాస్టారుకు ఫోన్ కలిపింది. ఆయన గొంతు నీరసంగా ఉంది. బాలింత సంగతి ఎవరో చెప్పారట, మంచం మీదే కుమిలిపోతున్నాడు. రక్తం ఇవ్వకపోయినా బాగుండేదని అన్నాడు. ఆవిడ ఆయన్ని ఊరడించి, సోమవారం ఫోన్ చేశాక ఇంకేమైనా జరిగిందా అని అడిగింది. ఏమీ లేదన్నాడు. కాసేపాగి, ఆ, కాసేపటికి ఫోనుకు ఒక మెసేజ్ వచ్చిందన్నాడు. చదివి వినిపించమంటే వినిపించాడు.

"మీరిచ్చిన రక్తాన్ని వాడకుండా ఆపాం. ముందుగా తెలియజేసినందుకు ధన్యవాదాలు, అని ఉందమ్మా. అది చూసే కదా నేను నిశ్చింతగా పడుకున్నది."

కీడెంచమ్మ ఆ మెసేజ్‌ను ఇంకోసారి చదివించుకుంది. వెళ్ళి ల్యాబమ్మాయిని అడిగితే అలాంటి మెసేజ్ తను పెట్టలేదంది. బ్లడ్ బ్యాంకులో ఎవరూ పెట్టలేదట. అలాంటిది పోతుందన్న సంగతే వాళ్ళకు తెలియదు. మరి ఆపని రక్తాన్ని ఆపామని చెప్పిందెవరు?

బ్లడ్ బ్యాంకు కంప్యూటర్లో నడిచే ఈ ప్రోగ్రాం రాసింది ఇద్దరే ఇద్దరున్న చిన్న కంపెనీ. పిలిపిస్తే అరగంటలో ఒకే కారులో వచ్చారు గానీ, వాలుకుర్చీ ఉన్న గదిలోకి మాత్రం వేరువేరుగా, ఒకరు ఈ తలుపులోంచి, ఒకరు ఆ తలుపులోంచి వచ్చారు. బావ, మరదలు. బావకు నలభై అయిదు దాటి ఉంటాయి, నెమ్మదస్తుడు. అతని భార్యకు చెల్లెలే ఈ మరదలు. ఈ పిల్ల మాట కత్తి. వివరాలన్నీ దాచి ఉంచే డేటాబేస్ అంతా బావ చూస్తాడు, మనుషులు వాడే స్క్రీన్లు మరదలు రాస్తుంది.

ఇన్‌స్పెక్టరు కూడా వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. కీడెంచమ్మ ముందు మెసేజ్ గురించి అడిగింది.

ఆ సంగతి బావకు వెంటనే తెలిసింది. ఆపడమనే పని డేటాబేస్ లోపలే ఒక స్టోర్డ్ ప్రొసీజరుగా రాసిపెట్టి ఉందన్నాడు. దాని పేరు పిలిస్తే చాలు, ఏమేం చెయ్యాలో అన్నీ అదే వరసగా చేస్తుంది. ప్యాకెట్ స్థితిని "ఆపాం" అని మారుస్తుంది, దాతకు మెసేజ్ పంపుతుంది. మెసేజ్ వెళ్ళిందంటే ప్రొసీజరు నడిచినట్టే. నడిచిందంటే ఎవరో టిక్కు పెట్టినట్టే.

"వింటున్నారా?" అంది కీడెంచమ్మ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి.

"వింటున్నాను. అయితే ఎవరో టిక్కు తీసేసి ఉండాలి" అన్నాడాయన. "ఆ తర్వాత ఆకుపచ్చ అయింది కదా. తీసిన చెయ్యి ఎవరిది? ఆ రోజు ఆ పేజీ తెరిచింది ఈ అమ్మాయి ఒక్కతే."

కీడెంచమ్మ ల్యాబమ్మాయి వైపు తిరిగింది. తను తెచ్చిన ఆధారమే ఆ పిల్ల మెడకు ఇంకా గట్టిగా చుట్టుకుంది. ఇందాకటిదాకా మతిమరుపు, ఇప్పుడు ఆపి మళ్ళీ విప్పిందంటారు. వాలుకుర్చీలో ల్యాబమ్మాయి మొహం పాలిపోయింది.

ఆ పూటకు ఇంతకన్నా చెడ్డది ఏం జరగగలదని తనను తాను అడిగింది ఆవిడ. జవాబు దొరికింది. ఎవరూ తప్పు చేయకపోవడం. టిక్కు పెట్టినవాళ్ళూ సరిగ్గా పెట్టి, ప్రోగ్రాం రాసినవాళ్ళూ సరిగ్గా రాసి, అయినా ఇలా జరగడం. అలా జరిగితే దానికి ఆపు ఉండదు.

"ఎవరో తీశారో, దానంతటదే పోయిందో చూద్దాం. మళ్ళీ చేసి చూపించండి" అంది.

కొత్తవాళ్ళకు పని నేర్పడానికి నీళ్ళు నింపిన ఒక ప్యాకెట్ ఉంటుంది. దానికి కంప్యూటర్లో నంబరు కూడా ఉంది. అందరూ ఫ్రిజ్‌ల గదిలోకి నడిచారు, ల్యాబమ్మాయి అక్కడి కంప్యూటరు ముందు కూర్చుంది.  బావ చెప్పినట్టు ముందు ఆపే టిక్కు ఒక్కటే పెట్టి సేవ్ చేసింది. పేజీ మళ్ళీ తెరిస్తే ఎర్రగా ఉంది.

"చూశారుగా, నా ప్రొసీజరు పనిచేస్తుంది" అన్నాడు బావ.

"నీది ఎప్పుడు పనిచెయ్యలేదు బావా. నీ పెళ్ళి ఫోటోల్లో నువ్వు కళ్ళు మూసుకున్నా, తప్పు ఫోటోలు తీసినవాడిదే" అంది మరదలు.

కీడెంచమ్మ ఆ మాట వినలేదు. ల్యాబమ్మాయి సోమవారం చేసింది ఇది కాదని ఆవిడకు గుర్తొచ్చింది. టిక్కు, అర మార్పు, రెండూ కలిపి ఒకేసారి సేవ్ చేశానంది ఆ పిల్ల. ఎందుకలా అని అడిగితే, శిక్షణలో అలాగే చెయ్యమన్నారంది. విడివిడిగా చేస్తే మధ్యలో కరెంటు పోతే అర మారి స్థితి మారకుండా ఉండిపోతుందని, ఒక్కసారే సేవ్ చేస్తే అయితే రెండూ అవుతాయి, లేకపోతే ఏదీ కాదని చెప్పారట. కొందరు బద్ధకించి విడివిడిగానే చేస్తారు గానీ తను మాత్రం ఎప్పుడూ చెప్పినట్టే చేస్తుంది.

"నేనే చెప్పాను" అంది మరదలు. "రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టాం. సగంలో ఆగదు."

నీళ్ళ ప్యాకెట్‌ను మళ్ళీ మామూలు స్థితికి తెచ్చారు. ల్యాబమ్మాయి టిక్కు పెట్టింది. అర రెండు నుంచి ఆరుకి మార్చింది. సేవ్ నొక్కింది. అయిందని మెసేజ్ వచ్చింది, పేజీ మూసుకుంది. సోమవారం చూడని దాన్ని చూడడానికి ఆ పిల్ల మళ్ళీ నంబరు కొట్టింది.

ఆరో అర. ఆకుపచ్చ. ఇవ్వవచ్చు.

బావ వంగి నంబరు సరిచూశాడు, అదే ప్యాకెట్. 

ముందు తెలిసింది మరదలికి. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఉన్న వాడి ఏదీ మొహంలో లేదు. "బావా, నువ్వు మార్చాక నేను రాశాను" అంది.

అతనికి అర్థం కాలేదు. ఆమె కీడెంచమ్మకేసి తిరిగి చెప్పింది. స్క్రీన్ల ప్రోగ్రాం నేరుగా డేటాబేస్‌ను ముట్టుకోదట. మధ్యలో ఓఆర్ఎమ్ అనే ఒక పొర ఉంటుంది. పేజీ తెరవగానే ఆ ప్యాకెట్ వివరాలన్నీ డేటాబేస్ నుంచి తెచ్చి ప్రోగ్రాం చేతిలో ఒక నకలుగా ఉంచుతుంది. నంబరు, గ్రూపు, అర, స్థితి, అన్నీ. మనం చేసే మార్పులు ఆ నకలు మీదే జరుగుతాయి, టిక్కు ఒక్కటి తప్ప. అది నకలును ముట్టుకోదు, సేవ్ నొక్కగానే బావ ప్రొసీజరును పిలుస్తుంది. నకలులో ఏ ఒక్కటి మారినా, చివర్లో ఆ నకలంతా తీసుకెళ్ళి డేటాబేస్‌లో రాసేస్తుంది, మారినవీ మారనివీ కలిపి. ఏదీ మారకపోతే రాయదు.

"మీ చేతిలో నకలు ఉండగానే బావగారి ప్రొసీజరు వెళ్ళి అసలు దాన్ని మార్చింది" అంది కీడెంచమ్మ నెమ్మదిగా.

"అవునండి. ఆపామని మార్చింది. నా నకలుకి ఆ సంగతి తెలీదు. దాంట్లో ఇంకా ఇవ్వవచ్చనే ఉంది. అర ఒక్కటే మారిందనుకుని మొత్తం నకలు తీసుకెళ్ళి దాని మీద రాసేసింది."

బావ కుర్చీలో కూలబడ్డాడు. "ఒకే ట్రాన్సాక్షన్ కదా" అన్నాడు, ఎవరినో బతిమాలుతున్నట్టు.

"ఒకటే బావా. రెండూ అయ్యాయి. నీ తర్వాత నాది అయింది."

పిల్లకు ఒంట్లో బాగాలేదని తండ్రి బడికి వెళ్ళి సెలవు చెప్పి వస్తే, ఆ సంగతి తెలియని తల్లి అదే పిల్లకు జడ వేసి బడి గేటు దగ్గర దింపి వచ్చినట్టుంది, అనుకుంది కీడెంచమ్మ. ఇద్దరిదీ ప్రేమే. జ్వరం మాత్రం పిల్లది.

చరిత్రలో ఎందుకు లేదని ఇన్‌స్పెక్టరు అడిగాడు. గొంతులో ఇందాకటి నునుపు లేదు. చరిత్ర రాసేది కూడా తన ప్రోగ్రామేనని మరదలు చెప్పింది. అది తన పాత నకలునూ కొత్త నకలునూ పోల్చి చూసుకుని తేడా రాస్తుంది. వాటి మధ్య తేడా అర ఒక్కటే. వెనకాల ప్రొసీజరు చేసింది దానికి కనపడనే లేదు.

ఇంత ముఖ్యమైన చోట ఒకరు రాసింది ఒకరు చూసుకోలేదా అని కీడెంచమ్మ అడిగింది. తిట్టాలని అడగలేదు గానీ తిట్టినట్టే వినపడింది.  జవాబు బావే చెప్పాడు. ఏడాది క్రితం అతని ప్రొసీజరు ఒకటి మరదలు దిద్దింది, ఆమె స్క్రీను ఒకటి అతను దిద్దాడు. భోజనాల దగ్గర మొదలైన తగువు అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోనంతవరకు పోయింది. అప్పుడు అతని భార్య ఇద్దరికీ షరతు పెట్టింది. ఒకరు రాసింది ఒకరు తెరిచి చూడకూడదు, దాని గురించి ఇంట్లో మాటెత్తకూడదు. ఆనాటి నుంచి ఇల్లు ప్రశాంతంగా ఉంది. ప్రొసీజరు పేరు, దానికి ఏం ఇవ్వాలి అన్నది మాత్రం ఫోనుకు పంపుకుంటారు. లోపల ఏముందో అడగరు.

"ప్రొసీజరు పిలిచాక నకలును మళ్ళీ తాజాగా తెచ్చుకోవాలి. ప్రోగ్రాంలో ఒక్క లైను రాస్తే సరిపోయేది" అంది మరదలు. "నువ్వు స్థితి మారుస్తావని నాకు తెలిస్తే రాసేదాన్ని."

"నువ్వు స్థితి కూడా చేతిలో పట్టుకుంటావని నాకు తెలిస్తే చెప్పేవాణ్ణి."

ఇన్‌స్పెక్టరు గోడ దగ్గర నుంచి కదిలి వచ్చాడు. ల్యాబమ్మాయిని లేవమన్నాడు. ఆ పిల్ల బెదిరిపోయి లేచింది. ఆయన ఆ కుర్చీలో తను కూర్చుని, నీళ్ళ ప్యాకెట్ పేజీ తెరిచి, తన వేలితో టిక్కు పెట్టి, తన వేలితో అర మార్చి, సేవ్ నొక్కాడు. మళ్ళీ తెరిచి చూశాడు. ఆకుపచ్చ. ఇంకోసారి చేశాడు. ఆకుపచ్చే.

లేచి కుర్చీని ల్యాబమ్మాయి వైపు జరిపాడు. "కూర్చోమ్మా" అన్నాడు. ఆ రెండు రోజుల్లో ఆయన ఆ పిల్లను అమ్మా అనడం అదే మొదలు. జేబులోంచి ఆమె గుర్తింపు కార్డు తీసి కీబోర్డు పక్కన పెట్టాడు.

ఆ పిల్ల దాన్ని మెడలో వేసుకోలేదు. చేతిలో పట్టుకుని ఏడ్చింది. కీడెంచమ్మ ఈసారి మాట మింగేయకుండా దగ్గరికి వెళ్ళి తల నిమిరింది. నీ తప్పు లేదమ్మా అనబోయి ఆగిపోయింది. 

"ఈ అమ్మాయి ఎప్పుడూ ఇలాగే చేస్తుంది కదా" అంది. "మరి సోమవారం ఒక్క ప్యాకెట్టేనా?"

బావ అప్పటికే తన ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆపామని దాతకు మెసేజ్ వెళ్ళినవి, అయినా ఇంకా ఆకుపచ్చగా ఉన్నవి ఏవో డేటాబేస్‌ను అడిగాడు. మూడు నంబర్లు వచ్చాయి. ఒకటి డ్రైవింగ్ మాస్టారుది. రెండోది ఇదే ఫ్రిజ్ ఆరో అరలో ఉంది. ఇన్‌స్పెక్టరే వెళ్ళి, వంగి వెతికి, బయటికి తీశాడు. మూడోదీ ఓ నెగెటివే, తను వేసుకుంటున్న మందు సంగతి ముందు చెప్పడం మర్చిపోయి తర్వాత ఫోన్ చేసిన ఒక దాతది. అది ఫ్రిజ్‌లో లేదు. కాసేపటి క్రితమే పైకి పంపినట్టుంది.

"ఎవరికి?" అంది కీడెంచమ్మ.

అడగక్కర్లేదని ల్యాబమ్మాయి మొహం చూస్తేనే తెలిసింది. ఓ నెగెటివ్ పైన ఒక్కరికే కావాలి. బాలింతకు మళ్ళీ రక్తం పోతోందని పొద్దున అనుకుంటుంటే ఆ పిల్ల విన్నది.

ల్యాబమ్మాయి ఫోన్ ఎత్తింది. వార్డు నంబరు చూసుకోకుండానే నొక్కింది. మోగింది. ఎవరూ తీయలేదు. మళ్ళీ నొక్కింది. ఇన్‌స్పెక్టరు అప్పటికే తలుపు తీసుకుని మెట్ల వైపు పరుగెత్తాడు. మూడోసారి నర్సు తీసింది.

"సిస్టర్, నేను కింద బ్లడ్ బ్యాంకు నుంచి. ఇప్పుడు పెడుతున్న ప్యాకెట్ గొట్టానికున్న క్లాంపు మూసెయ్యండి. ఎందుకో తర్వాత చెప్తాను, ముందు మూసెయ్యండి."

ఆ గొంతు ఇందాక ఏడ్చిన గొంతులా లేదు. కీడెంచమ్మ పక్కన చెవి పెట్టి వింది. అవతల ఏదో కింద పడిన చప్పుడు, నడక. ఆవిడ మనసులో అప్పటికే బాలింత, పాప, బయట బెంచీ మీద కూర్చున్న ల్యాబమ్మాయి తల్లి, అందరూ వరసగా కనపడుతున్నారు.

"మూశాను" అంది నర్సు. "గొట్టంలోకి దిగింది గానీ, సూదిదాకా రాలేదు."

ల్యాబమ్మాయి నంబరు చదవమంది. నర్సు ఒక్కో అంకె చదువుతుంటే బావ తెర మీద వేలుపెట్టి చూసుకున్నాడు. అదే. కాసేపటికి ఇన్‌స్పెక్టరు ఆ ప్యాకెట్‌ను రెండు చేతులా పట్టుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన నలగని చొక్కా వీపంతా తడిసిపోయింది. బాలింతకు వేరే ప్యాకెట్ వెతికి ఆకుపచ్చ అన్న మాట నమ్మకుండా, దాతకే ఫోన్ చేసి అడిగి పంపారు.

బావ మరదలి పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఆమె తన ప్రోగ్రాం తెరిచి అతనికి కనపడేలా తెర తిప్పింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి దిద్దడం మొదలుపెట్టారు. చూసేవాళ్ళకు ఇక అంతా చక్కబడినట్టే ఉంది. ఇన్‌స్పెక్టరు మంచినీళ్ళు తాగుతూ, మీ భయం ఈ పూట ఒక ప్రాణం కాపాడింది మేడమ్ అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

కీడెంచమ్మ ఆ మెప్పు అందుకోలేదు. తల్లి గనక, ఇల్లు చక్కబడినట్టు కనిపించినప్పుడే ఆవిడకు గుండె దడ.

"ఈ ప్రోగ్రాం ఇంకెక్కడైనా పెట్టారా బాబూ?"

కీబోర్డు మీద వేళ్ళు ఆగిపోయాయి. బావ మరదలి వైపు చూశాడు. మరదలు కళ్ళు మూసుకుంది.

"ఏడు బ్లడ్ బ్యాంకులకు ఇచ్చాం" అన్నాడు. "మొదటిచోట ఈ కొత్త స్క్రీన్లు పెట్టి ఆరు నెలలవుతోంది. పోయిన వారం ఇక్కడ పెట్టింది ఆఖరుది."

ఎవరూ ఎవరికీ చెప్పలేదు, తలో ఫోను తీశారు. మరదలు నంబర్లు చెబుతుంటే ఇన్‌స్పెక్టరు ఒకటి, బావ ఒకటి నొక్కారు. అందరికన్నా ముందు కలిసింది ల్యాబమ్మాయికి. అందరికీ వినపడేలా ఆ పిల్ల ఫోను బల్ల మీద పెట్టింది. తనెవరో చెప్పి, మీ దగ్గర ఆపిన ప్యాకెట్లు ఎన్ని ఉన్నాయో, వాటి నంబర్లేమిటో వెంటనే చూసి చెప్పమంది.

అవతల మనిషి ఎవరో గానీ హుషారైనవాడు. కీబోర్డు టకటకలు వినిపించాయి. తర్వాత నవ్వు.

"మాకసలు ఆ బెడద లేదండీ. దాతలు ఫోన్లు చేస్తూనే ఉంటారు, మా వాళ్ళు ఆపుతూనే ఉంటారు గానీ, ఇప్పుడు చూస్తే ఆపింది ఒక్కటి కూడా లేదు. ఆరు నెలలుగా అన్నీ ఆకుపచ్చే. ఫ్రిజ్ ఎప్పటికప్పుడు ఖాళీ అయిపోతోంది."